మూగ ఆట – మాట ఆట



ఈ పుస్తకాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకోండి. ఇప్పుడు కుడి చేత్తో ఒక చాయ్ గ్లాసు పట్టుకోండి.

గ్లాసు ఎక్కడుంది అంటున్నారా? లేదు. ఉన్నట్టు పట్టుకోండి. చాయ్ ఇప్పుడే పొయ్యి మీద నుంచి దిగింది. గ్లాసు నిండా ఉంది. వేళ్లు కాలుతున్నాయి. కొంగు అడ్డం పెట్టుకుంటారా? ఊదుతారా? ఒక గుక్క తాగండి. చక్కెర తక్కువైంది. మీ మొహం ఏమంది?

తాగారు కదా. మరి గ్లాసు ఎక్కడ పెట్టారు?

చాలామంది ఎక్కడా పెట్టరు. వేళ్లు విడిచేస్తారు. అంటే గ్లాసు కింద పడి పగిలిందన్నమాట. ఇంట్లో నిజం గ్లాసును ఎవరన్నా అట్లా వదిలేస్తారా? మళ్లీ ఆడండి. ఈసారి తాగినాక కొంచెం వంగండి. గ్లాసును గచ్చు మీద పెట్టండి. గ్లాసు అడుగు గచ్చును తాకగానే చెయ్యి ఆగాలి. ఆ తరువాతే వేళ్లు విడవాలి. అప్పుడు చూసేవాళ్లకు 'టక్' మని చప్పుడు వినపడినట్టే ఉంటుంది.

ఇట్లా నోరు తెరవకుండా, వస్తువు లేకుండా, ఒంటితో చెప్పడాన్ని మూకాభినయం అంటారు. మూక అంటే ఇక్కడ మూగ. అభినయం అంటే చేసి చూపించడం. మాట పెద్దది. మనం మూగ ఆట అందాం.

మూగ ఆట తరువాత మాట ఆట వస్తుంది. రాసిపెట్టిన మాటలు ఉండవు. బట్టీ పట్టడం ఉండదు. అప్పటికప్పుడు తోచిన మాట అనడమే. నాటకం వేసే బృందాలు ఎన్నో ముందు ఇట్లాంటి ఆటలు ఆడతాయి. మీరు నాటకం వేసినా వేయకపోయినా ఆడవచ్చు. ఎందుకు ఆడాలో కౌంటర్ ఆట దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మనకు కొత్త కాదు

పాతబస్తీ ఆడవాళ్లకు సైగలు ఎవరో వచ్చి నేర్పాలా? ఈ మిద్దె మీద బట్టలు ఆరేసే అక్క, ఆ మిద్దె మీద మిరపకాయలు ఎండబోసే ఆపాతో చేతులతోనే అరగంట మాట్లాడుతుంది. చుట్టాల ముందు పిల్లవాడు రెండో లడ్డూ మీద చెయ్యి వేస్తే తల్లి కన్ను చాలు. లాడ్ బజార్లో గాజులు బేరం చేసేటప్పుడు ధర వినగానే వెనక్కి ఒక అడుగు వేస్తాం. ఆ అడుగు కూడా మాటే. దుకాణందారుకు అది బాగా తెలుసు.

బోనాలప్పుడు లాల్ దర్వాజా దగ్గర పోతరాజు వస్తుంటే దారి వదలమని ఎవరన్నా చెప్పాలా? అతని నడకే చెబుతుంది.

చార్లీ చాప్లిన్ పేరు వినే ఉంటారు. చిన్న మీసం, పెద్ద బూట్లు, చేతిలో కర్ర. 1889లో పుట్టాడు. లండన్ పేటల్లో చాలా పేదరికంలో పెరిగాడు. ఆయన మొదట్లో తీసిన సినిమాలకు మాటలు లేవు. 1925లో 'ద గోల్డ్ రష్' అని ఒక సినిమా తీశాడు. అందులో మంచులో చిక్కుకుని తిండి దొరకదు. ఆకలికి తన బూటునే ఉడకబెడతాడు. దాన్ని పళ్లెంలో పెట్టి పండుగ భోజనంలాగా కోస్తాడు. బూటు లేసును సేమియాలాగా చుట్టి తింటాడు. మేకులను ఎముకల్లాగా చప్పరిస్తాడు. ఎక్కడా మొహం వంకర్లు తిప్పడు. మర్యాదగా, రుచి చూస్తూ తింటాడు. చూసేవాళ్లకు నవ్వు వస్తుంది, కడుపులో కలుక్కుమంటుంది కూడా.

ఇది గుర్తు పెట్టుకోండి. నవ్వించాలని మొహం వంకర్లు తిప్పితే ఆట పాడవుతుంది. పని నిజంగా చేస్తే చాలు. నవ్వు దానంతట అదే వస్తుంది.

పని ఆట

ఎనిమిది మందో పది మందో గుండ్రంగా కూర్చోండి. ఒక్కొక్కరు తాము రోజూ చేసే పని ఒకటి మూగగా చేయాలి. తక్కినవాళ్లు ఏ పనో చెప్పాలి.

మా కేంద్రంలో లక్క గాజులు చేసే అక్క ఒకామె ఉంది. ఆమె ఒక్క గాజు చేసి చూపించింది. బొగ్గుల కుంపటి మీద లక్క కాచడం, దాన్ని సాగదీసి పుల్లలాగా చేయడం, గుండ్రంగా వంచి అతికించడం, మళ్లీ వేడి చేయడం, చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటి అద్దడం. ఆమె వేళ్లు రెండుసార్లు ఉలిక్కిపడి వెనక్కి వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. "ఒక్క గాజుకు ఇన్నిసార్లు చెయ్యి కాలుతదా?" అని పక్కన కూర్చున్న చెల్లె అడిగింది. వాళ్లిద్దరూ ఒకే గల్లీలో ఉంటారు.

మగ్గం పని చేసే చెల్లె చేస్తే ఆమె మెడ ఎంతసేపు వంగి ఉంటుందో అందరం చూశాం. అగర్‌బత్తీలు చుట్టే అవ్వ చేస్తే అరచెయ్యి ఎంత తొందరగా తిరుగుతుందో చూశాం. ఇంటి పని చేసే అక్క గిన్నెలు తోమింది. మాకు మొత్తం కనబడింది, కానీ ఆమె నల్లా కట్టేయడం మరిచిపోయింది. "నీళ్లు పోతున్నయ్! నీళ్లు పోతున్నయ్!" అని అందరూ అరిచారు. లేని నల్లాకు అంత లొల్లి!

ఈ ఆటకు తొందర పడకండి. ఒక సాయంత్రం అంతా ఇదొక్కటే ఆడినా మంచిదే. మూడు సంగతులు మాత్రం చూసుకోండి. వస్తువు బరువు ఎంత? వేడా, చల్లనా? పని అయినాక దాన్ని ఎక్కడ పెట్టారు?

అద్దం ఆట

ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు మనిషి, ఒకరు అద్దం. మనిషి మెల్లగా జుట్టు దువ్వుకుంటుంది. అద్దం కూడా అట్లాగే దువ్వుకోవాలి. మనిషి కుడి చెయ్యి ఎత్తితే అద్దం ఎడమ చెయ్యి ఎత్తుతుంది. మాట వద్దు. ముట్టుకోవద్దు. మెల్లగా ఆడాలి. తొందరగా చేసి అద్దాన్ని ఓడించడం ఆట కాదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇద్దరిలో అద్దం ఎవరో తెలియకూడదు. అప్పుడు గెలిచినట్టు. ఇద్దరూ కలిసి గెలుస్తారు.

ఈ ఆటను తన పుస్తకంలో రాసిన ఆమె అమెరికాలో చికాగో నగరం మనిషి. పేరు వయోలా స్పోలిన్. 1906లో పుట్టి 1994లో పోయింది. చికాగోకు ఎన్నో దేశాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. 1939 ప్రాంతంలో ఆమె ఆ బస్తీల్లో పిల్లలకు, పెద్దలకు నాటకాలు నేర్పేది. ఇట్లా నడువు, అట్లా చూడు అని మాటలతో చెబితే వాళ్లకు ఎక్కడం లేదు. అందుకని పాఠాన్ని ఆటగా మార్చింది. అట్లాంటి ఆటలన్నీ చేర్చి 1963లో పుస్తకం వేసింది. ఈ రోజుకీ నాటకాల బడుల్లో ఆ ఆటలు ఆడుతున్నారు.

మన గల్లీల్లోనూ అంతే కదా. ఉర్దూ మాట్లాడే ఆపా, తెలుగు మాట్లాడే అక్క పక్కపక్కనే కూర్చుంటారు. తెలుగు పాఠం చదివేటప్పుడు ఆపా వెనకబడుతుంది. ఉర్దూలో ముచ్చట మొదలైతే కొందరు అక్కలు గమ్మున ఉంటారు. అద్దం ఆటలో ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు. అందుకే జతలు కట్టేటప్పుడు అలవాటైన ఇద్దరిని కలపకండి. ఎక్కువ మాట్లాడుకోని ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టండి.

చీటీ ఆట

ఇది చదువు వచ్చినవాళ్ల ఆట. అంటే మన ఆట.

చిన్న కాగితం ముక్కల మీద తలా ఒక మాట రాయాలి. ఒక పని, లేదా ఒక మనిషి, లేదా ఒక చోటు. 'బస్సు ఎక్కుట'. 'పంటి నొప్పి'. 'పెళ్లి చూపులు'. ఉర్దూ చదివే ఆపాలు ఉర్దూలో రాయవచ్చు. తెలుగు చీటీలు ఒక డబ్బాలో, ఉర్దూ చీటీలు ఇంకో డబ్బాలో వేయండి. ఒకరు వచ్చి చీటీ తీయాలి. మనసులో చదువుకోవాలి. మూగగా చేయాలి. తక్కినవాళ్లు చెప్పాలి.

కొత్తగా చదువు నేర్చినప్పుడు మనం పైకి చదువుతాం. లేదంటే పెదవులు కదుపుతాం. అది తప్పేమీ కాదు. కానీ ఈ ఆటలో పెదవి కదిలిందా, గుట్టు బయటపడ్డట్టే. చీటీ కనబడకుండా చాటుగా పట్టుకుని, పెదవులు బిగబట్టి, కళ్లతోనే అక్షరాలు కూడబలుక్కోవాలి. మనసులో చదవడం నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. టీచర్ ట్రైనింగ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు.

అవునక్కా, ఇంకా?

ఇప్పుడు నోరు తెరుద్దాం.

మాట ఆటకు ఒక్కటే నియమం. ఎదుటి మనిషి అన్న మాటను కొట్టివేయొద్దు. అవును అని, దానికి ఇంకొక మాట కలపాలి. ఒక అక్క అన్నది: "ఇగో, మా ఇంట్ల ఏనుగు వచ్చి కూసున్నది." రెండో ఆమె "నీకు పిచ్చా? ఏనుగు ఎక్కడిది?" అంటే ఆట అక్కడనే చచ్చిపోయింది. ఇట్లా అనాలి:

– అవునక్కా! పొద్దున మా గోడ గూడ కదిలింది. నేను భూకంపం అనుకున్న. దానికి చాయ్ పోసినవా?

– పోసిన. బకిట్ల పోసిన. చక్కెర తక్కువైందని తొండం ఊపుతుంది.

– అవును, ఊపదా మరి? మొన్న మా ఇంటికొచ్చినప్పుడు కిలో చక్కెర తిన్నది. నా డబ్బా ఖాళీ. నువ్వే ఇయ్యాలె నాకు.

చూశారా? ఏనుగు లేదు, చక్కెర లేదు. కానీ ముచ్చట ఎంత దూరమైనా పోతుంది.

ఇది కూడా మన దగ్గర పాతదే. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు ఒక మాట అంటే వంత 'ఆహా' అంటాడు. 'మరి ఆ తరువాత ఏమైంది?' అని అడుగుతాడు. నవ్వు పుట్టిస్తాడు. ఆ అడగడం వల్లనే కథ ముందుకు పోతుంది. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ 1920లో పుట్టి 1997లో పోయాడు. ఆ కథను జనం అర్ధరాత్రి దాకా కూర్చుని వినేవారంటే అందులో వంతల పాలు కూడా ఉంది. పగటి వేషాలవాళ్లయితే మన గడప ముందే నిలబడి, మనం అన్న మాటకు అక్కడికక్కడే జవాబు కడతారు.

ఇంట్లో మన మాటను ఎన్నిసార్లు కొట్టివేస్తారో ఒక్కసారి లెక్కపెట్టండి. 'నీకేం తెలుసు', 'నువ్వు ఊకో'. అందుకే ఈ ఆట మొదట కష్టంగా ఉంటుంది. మన మాటకు ఎవరో అవును అంటుంటే మనకే నమ్మబుద్ధి కాదు.

'రేపు రా' ఆట

ఒకప్పుడు ఊళ్లలో ఇంటి గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. రాత్రి ఆడదయ్యం వస్తుందట. ఆ మాట చదివి వెనక్కి పోతుందట. మళ్లీ రేపు వచ్చి మళ్లీ చదువుతుందట. ఆ దయ్యానికి చదువు వచ్చన్నమాట!

ఆఫీసులో, ఆసుపత్రిలో, దుకాణంలో కౌంటర్ దగ్గర మనకూ అదే మాట చెబుతారు. మనమూ వెనక్కి వస్తాం.

ఒక బల్ల వేయండి. బల్లకు ఆ పక్క ఒకామె కూర్చోవాలి. ఆమె 'సార్'. సార్‌కు రెండే మాటలు వచ్చు. 'రేపు రా'. ఇంకేమీ అనకూడదు. బల్లకు ఈ పక్కకు ఒకామె పని మీద రావాలి. పింఛను కాగితమో, పిల్లవాడి బర్త్ సర్టిఫికెటో, రేషన్ కార్డులో పేరు ఎక్కించడమో. సార్ నోట 'రేపు రా' ఆగిపోయేటట్టు చేయాలి. సార్ వేషం వేసిన ఆమె నిజాయితీగా ఉండాలి. 'ఇప్పుడు నిజంగా ఆ మాట అనలేను' అనిపిస్తే లేని రిజిస్టరు తెరవాలి.

మొదటిసారి మూగగా ఆడండి. వచ్చే ఆమె మాట్లాడకూడదు. ఉట్టిగ నడిచి రావాలి, కాగితం ఇవ్వాలి, 'రేపు రా' విని పోవాలి. తక్కినవాళ్లు ఆమె ఒళ్లును చూడాలి. ఏం కనబడింది? మేం ఆడినప్పుడు ఒక అవ్వ చెప్పింది: "ఆమె జవాబు ఇనకముందే పోనీకి తిరిగింది. ఒక కాలు అప్పుడే తలుపు దిక్కున్నది." నిజమే. మళ్లీ చూశాం. వచ్చినవాళ్లలో చాలామంది కాలు తలుపు వైపే ఉంది. కాగితాన్ని ఒక మూల పట్టుకుని దూరం నుంచి చాపుతున్నారు. సార్ తల ఎత్తకుండానే పని అయిపోతోంది.

రెండోసారి కూడా మూగగానే. ఈసారి రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడాలి. కాగితాన్ని సార్ వైపు తిప్పి బల్ల మీద పెట్టాలి. కాగితం మీద నుంచి చెయ్యి తీయొద్దు. అంతే. ఒక్క మాట లేదు. అయినా సార్ తల ఎత్తాడు!

మూడోసారి మాట కలిపాం.

– సార్, పింఛను కాగితం ఇచ్చి రెండు నెలలాయె.

– రేపు రా.

– నిన్న గూడ రేపే అన్నరు సార్.

– రేపు రా.

– సరే సార్, వస్త. రేపు ఎన్ని గంటలకు రావాలె? మీరే ఉంటరా?

– రేపు రా.

– అయితే ఈ కాగితం మీద రేపటి తారీఖు ఏసి, సంతకం పెట్టుండ్రి సార్. నేను సదువుకుంట.

ఇక్కడ సార్ నోరు పడిపోయింది. రిజిస్టరు తెరుచుకుంది.

ఇంకో రకంగా కూడా ఆడి చూడండి. సార్ 'రేపు రా' అనడు. నవ్వుతూ 'రేపు రండమ్మా' అంటాడు. మేం ఇది ఆడినప్పుడు ఒక సంగతి జరిగింది. 'రా' అన్నప్పుడు గట్టిగా నిలబడ్డ అక్కలే, 'రండమ్మా' అనగానే "మంచిది సార్" అని లేచి వచ్చేశారు. పని కాలేదు. పని కాలేదని బయటికి వచ్చినాక గుర్తొచ్చింది! దీని మీద మీరు కూడా మాట్లాడుకోండి.

నిజం ఆఫీసులో ఇట్లా అడగగానే పని అయిపోతుందని నేను చెప్పడం లేదు. కానీ ఇచ్చిన దరఖాస్తుకు రసీదు అడగవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దరఖాస్తు ఏమైందని ఆ చట్టం కింద రాసి అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవి పుస్తకంలో చదివినప్పుడు తెలుస్తాయి. కౌంటర్ దగ్గరికి పోగానే గొంతు ఎండిపోతుంది. అప్పుడు చదివింది గుర్తు రాదు. ఒకసారి ఆడిన మాట అయితే నోటికి వస్తుంది. ఇక్కడ తప్పు మాట అంటే నవ్వుతాం, మళ్లీ ఆడతాం. పింఛను పోదు. అక్కడ తడబడితే ఇంకో నెల పోతుంది. ఎందుకు ఆడాలని మొదట అన్నాను కదా, ఇందుకే.

పెరూ దేశపు అక్క

ఇప్పుడు ఒక నిజం కథ. మన దేశం కాదు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం. 1973లో అక్కడ పెద్దలకు చదువు నేర్పే ఉద్యమం నడిచింది, మన అక్షరాస్యత ఉద్యమంలాగానే. నాటకాలాయన ఒకాయన అందులో పని చేశాడు. పేరు అగస్టో బోల్. బ్రెజిల్ దేశం ఆయనది. 1931లో పుట్టాడు, 2009లో పోయాడు. బ్రెజిల్‌ను అప్పుడు సైన్యం ఏలుతుంది. 1971లో ఆయనను పట్టుకుని హింస పెట్టారు. అందుకని దేశం వదిలిపెట్టాడు.

పెరూలో ఒకరోజు ఒకామె ఆయన దగ్గరికి వచ్చి తన బాధ చెప్పుకుంది. ఆమెకు చదువు రాదు. భర్త బయట ఊళ్లో పని చేస్తాడు. ఇల్లు కడుతున్నానని చెప్పి ఆమె దగ్గర డబ్బులు తీసుకునేవాడు. అప్పుడప్పుడు చేత్తో రాసిన కాగితాలు ఇచ్చేవాడు. ఇవి డబ్బు కట్టిన రసీదులు, జాగ్రత్తగా దాచు అన్నాడు. ఆమె భద్రంగా దాచింది. ఆ కాగితాలు సువాసన వచ్చేవి. ఒకసారి మొగుడితో తగాదా అయినాక ఆమె వాటిని తీసి పక్కింటామెతో చదివించుకుంది. అవి రసీదులు కావు. భర్తకు ఇంకో ఆడమనిషి రాసిన ప్రేమ ఉత్తరాలు!

భర్త మర్నాడు ఇంటికి వస్తున్నాడు. నేను ఏం చేయాలి అని ఆమె అడిగింది.

బోల్ బృందం ఆ కథను ఆ సాయంత్రం నాటకంగా ఆడింది. భర్త తలుపు తట్టే దాకా ఆడి ఆపారు. ఇప్పుడు ఈమె ఏం చేయాలో చెప్పండి అని జనాన్ని అడిగారు. ఒకరు ఏడవమన్నారు. ఒకరు ఇల్లు వదిలి పొమ్మన్నారు. ఇంకొకరు తలుపు తీయొద్దన్నారు. ఎవరు ఏది చెబితే నటులు అది ఆడి చూపించారు. జనంలో ఒక బలమైన ఆడమనిషి ఉంది. ఆమె అన్నది: "లోపలికి రానియ్యాలి. గట్టిగా మాట్లాడాలి. ఆ తరువాత క్షమించాలి." నటి అట్లాగే ఆడింది. "అట్లా కాదు" అన్నదామె. మళ్లీ ఆడింది. "అట్లా కూడా కాదు. మాట్లాడమంటే ఇదా?" అని కోపం తెచ్చుకుంది. చివరికి బోల్ అన్నాడు: అయితే నువ్వే వచ్చి చేసి చూపించు.

ఆమె మెట్లెక్కి వచ్చింది. చీపురు అందుకుంది. భర్త వేషం వేసిన నటుణ్ణి బాదింది. బాదుతూ తన మనసులో ఉన్నదంతా చెప్పింది. ఆ తరువాత బల్ల దగ్గర కూర్చుని, పోయి నాకు అన్నం పట్టుకురా అన్నది. పాపం, నటుడికి దెబ్బలు నిజంగానే తగిలాయి.

అప్పటి నుంచి బోల్ పద్ధతి మార్చాడు. చూసేవాళ్లు చెబితే నటులు ఆడడం కాదు. చెప్పేవాళ్లే వచ్చి ఆడాలి. ఈ నాటకాన్ని ఫోరం థియేటర్ అంటారు. ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. 'నువ్వొచ్చి చెయ్యి' నాటకం అని మనం పేరు పెట్టుకోవచ్చు.

కొట్టడం సరైందా అని మీరు అడుగుతారు. అడగాలి. మా కేంద్రంలో దీని మీద పెద్ద లొల్లే అయింది. "చీపురు నాటకంల మంచిగనే ఉంటది. ఇంట్ల లేపితే రెండో దెబ్బ మనకే" అని ఒక అక్క అన్నది. "ముందుగాల ఆ కాగితాలు వేరే దగ్గర దాచాలె" అని ఇంకొకామె అన్నది. నాకు ఈ రెండో మాట చీపురుకన్నా గట్టిగా తోచింది.

నెల్లూరు సంగతి

ఆట ఆటగానే పోతుంది, దానితో ఏమవుతుంది అని కొందరు అంటారు. నెల్లూరు జిల్లాలో ఏమైందో వినండి. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాతలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటకాలు వేశాయి. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో 'సీతమ్మ కథ' ఒకటి. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ అది. చదివినవాళ్లు ఇది మా ఇంటి కథే అనుకున్నారు. దూబగుంట ఊరి ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. ఆ ముచ్చట తరువాతి పుస్తకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠమైంది. దాన్ని చదివి ఇంకా ఎన్నో ఊళ్లు కదిలాయి. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా ఆపేశారు. 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలించారు. మద్యం తిరిగి వచ్చింది. ఆ కథ ఇంకా అయిపోలేదు.

ఆడేటప్పుడు చూసుకోవలసినవి

మగ వేషం ఎవరు వేయాలి? మనమే. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో ఆడవాళ్లు రంగం ఎక్కారు. అప్పట్లో మిగతా చోట్ల ఆడ వేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కట్టి మెప్పించింది. 2005లో ఆమె పోయింది. మా దగ్గరైతే భర్త వేషానికి పోటీ! మీసం అక్కర్లేదు. కాళ్లు బారచాపి, తల తిప్పకుండా "నీళ్లు!" అంటే చాలు, అందరూ గుర్తుపట్టి గొల్లుమంటారు.

ఎవరి ఇంటి గుట్టూ వాళ్ల పేరుతో ఆడవద్దు. పేరు మార్చండి, ఊరు మార్చండి, కూతుర్ని కోడల్ని చేయండి. ఆటలో విన్నది గల్లీలోకి పోవద్దు. ఎవరికన్నా కన్నీళ్లు వస్తే ఆట ఆపండి, పక్కన కూర్చోండి. ఇంట్లో నిజంగా దెబ్బలు తింటున్న మనిషికి ఆట చాలదు. మహిళల సహాయం నంబరు 181. ఆమెతో పాటు మీరూ కూర్చుని ఫోన్ చేయండి.

కిటికీలకు పరదా కట్టండి. బయటినుంచి మగపిల్లలు తొంగి చూస్తే కొందరికి చెయ్యి లేవదు. నల్లా నీళ్లు వచ్చే రోజు ఆట పెట్టుకోవద్దు. సగం మంది మనసు బిందెల మీదనే ఉంటుంది.

మొదటి రోజు చీటీలు

ఈ మాటలు చూసి రాయండి. ముక్కలుగా కత్తిరించండి. మడిచి డబ్బాలో వేయండి.

సూదిలో దారం ఎక్కించుట.
వేడి రొట్టె తిప్పుట.
నిండిన బిందె దించుట.
రద్దీ బస్సులో నిలబడుట.
ఏడ్చే పిల్లను పక్కింటామెకు ఇచ్చుట.
డాక్టరుకు నొప్పి ఎక్కడో చూపుట.
బేరం కుదరక లేచి వచ్చుట.
మొదటిసారి బ్యాంకులో సంతకం పెట్టుట.
దాచిన ఉత్తరం తీసి చదువుట.

పదో చీటీ మీద ఏమీ రాయవద్దు. ఖాళీ చీటీ ఎవరికి వస్తే వాళ్లు ఎవరికీ చెప్పకుండా తమకు తోచింది ఆడాలి. తక్కినవాళ్లు అదేమిటో ఆ చీటీ మీద రాసి ఆమె చేతికి ఇవ్వాలి.